తొడిమల లెక్క

మా అమ్మ ఎడంచేతి బొటనవేలికి గోరు లేదు.
మిరపకాయ తినేసింది.
గుంటూరు యార్డు నుంచి వచ్చి నా తల నిమరదు,
మోచేత్తో ఓసారి తాకుతుందంతే.
అది ముద్దని తెలియడానికి
నాకు తొమ్మిదేళ్లు పట్టింది.

ఐదో క్లాసులో, భారతమాత వేషానికి
మూడు పద్యాలూ నోటికి వచ్చింది నాకొక్కదానికే.
టీచరమ్మ నన్ను చూసి, పౌడరు డబ్బా చూసి,
"నువ్వు వెనక జెండాకర్ర పట్టుకో కెజియా" అంది.
పట్టుకున్నా. బరువుగానే ఉంది.
ముందు నిలబడ్డ దేశం
రెండో పద్యం మరిచిపోతే
వెనకనుంచి అందించా.

ఆ వేసవి అమ్మతో యార్డుకెళ్లా.
తుమ్ములు, ముక్కుకి తడిగుడ్డ.
మేస్త్రీ పుస్తకంలో బస్తా మోసిన చేతికో రేటు,
తొడిమ తీసిన చేతికో రేటు.
లెక్కల్లో నాకు నూటికి తొంభై ఆరు.
నలభై రెండు కిలోలు
అక్కడ ముప్పై ఎనిమిదెట్లా అయినయ్యో
ఏ సూత్రానికీ తేలలేదు.
అడిగా.
"ఎవరి పిల్లే ఇది?"
అమ్మ నా నోరు మూస్తుందనుకున్నా.
ఆ చేత్తో మూస్తే పెదాలు మండుతాయని కాబోలు,
మూయలేదు.
పక్కనుంచి షంషాద్ పిన్ని
"మా పిల్ల. చెప్పు, ఎట్లా అయినై?" అంది.
తొడిమలు తీసే చేతులన్నీ ఆగాయి.
మేస్త్రీ తుమ్మాడు.

ఆ నాలుగు కిలోలూ తిరిగి రాలేదు.
మర్నాటి నుంచి మాత్రం
కాటా ముల్లు మావైపు తిప్పి పెట్టారు.

నిన్న ఓటరు కార్డు వచ్చింది.
తూకాలు రాసుకున్న పాత నోటుబుక్కులో దాచా.
ఫొటోలో మరీ నల్లగా పడ్డానంటూ
అమ్మ నవ్వుతోంది,
మోచేత్తో తాకి.