నాలుగో స్టేషన్

తెల్లారి అయిదున్నరకి కృష్ణపట్నం రేవులో పడవెక్కాను.
పద్దెనిమిది సీసాలు, ఒక మంచుపెట్టె,
ఒళ్ళో గుడ్డలో చుట్టిన పాదరసం గొట్టం.
పామంజి ఏకాంబరం ఇంజను తాడు మూడుసార్లు లాగి
నాలుగోసారికి నా వంక చూశాడు.
"నెలనెలా వస్తావు. దీని జొరం ఎప్పటికి తగ్గిద్ది మా?"

నేను డాక్టర్ని కాను.
దర్గామిట్ట సందులో రెండుగదుల ల్యాబులో
ఉప్పునీళ్ళకి నంబర్లు అతికించేదాన్ని.
ఒకటి, ప్లాంటు నీళ్ళు పీల్చే చోటు.
నాలుగు, వాడిన నీళ్ళు వదిలే కాలవ నోరు.
అయిదు నుంచి తొమ్మిది దాకా
ఆ వేడిని సముద్రం ఎంత దూరంలో మరిచిపోతుందో చూసే చోట్లు.

ఒకటో స్టేషన్‌లో ఇరవై ఆరు పాయింట్ నాలుగు.
ఇనుప జల్లెడకి జెల్లీచేపలు
గంజి మీద తొరకలా అంటుకుని ఉన్నాయి.
జల్లెడకి చిక్కనివి లోపలికి పోతాయి:
చేపగుడ్డు, రొయ్యపిల్ల,
ఏకాంబరం భాషలో కూడా పేరు లేనంత చిన్నవి.
గొట్టాలన్నీ తిరిగి అవతల తేలతాయి.
సూక్ష్మదర్శిని కింద అద్దంపెంకుల్లా మెరుస్తాయి,
కదలవు.
ఎన్నో లెక్కపెట్టి గడిలో అంకె వేస్తాను.
ఆ గడికి నా సొంత పేరొకటి ఉంది, ఎవరికీ చెప్పలేదు.

నాలుగో స్టేషన్‌ నురగలో
మునిసిపాలిటీ కొళాయి వాసన.
పాదరసం తొందర లేకుండా ఎక్కుతుంది,
ఆస్పత్రి మెట్లెక్కే పెద్దామెలా
ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ.
ముప్పై రెండున్నర.
తేడా ఆరు పాయింట్ ఒకటి. హద్దు ఏడు.
'పరిమితికి లోబడి ఉన్నది' అని రాయాలి.
రాశాను.

ఏకాంబరం గొట్టం వైపు చూడనే లేదు,
పాదం నీళ్ళలో పెట్టి
"ముప్పైరెండు దాటింది" అన్నాడు.
ఎట్లా?
"పసిబిడ్డకి నీళ్ళు పోసే ముందు మోచెయ్యి ముంచరా ఆడోళ్ళు?
ఆ లెక్కే."

అన్నీ చెప్పాలి కదా, ఇదీ చెబుతాను:
చలికాలంలో బొంతలు ఈ వెచ్చదనానికే గుంపు కడతాయి.
కాలవ రాళ్ళ మీద పిల్లలు గాలాలేసి
గంటలో సంచి నింపుతారు.
కంపెనీ నివేదికకి అట్ట మీద బొమ్మ అదే.
నిరుడు రెండు రోజులు యూనిట్ ఆగిపోతే
బొంతలు లేవు. పిల్లలు ఖాళీ సంచులు
నెత్తిన టోపీలుగా పెట్టుకుని ఇంటిదారి పట్టారు.
ఆ రెండు రోజులూ మాకు సర్వే లేదు.

ఏడో స్టేషన్ బురదలో పదకొండు రకాల పురుగులు.
నాలుగో చోట రెండు.
ఆ రెండూ మాత్రం లెక్కలేనన్ని.

పట్టికలో మొట్టమొదటి గడి ఎప్పుడూ ఖాళీ.
'ప్లాంటుకు ముందు' అని ఉంటుంది పైన.
అప్పుడెవరూ గొట్టం ముంచలేదు.

తిరిగొచ్చాక ఇసకలో నెత్తళ్ళు ఆరబోస్తున్న
ఏకాంబరం తల్లి నాగూరమ్మని అడిగాను.
ఆమె చెయ్యి ఆపలేదు.
"మార్గశిరంలో తెల్లారుజామున వల లాగతంటే
చీలమండ కాడ కొరికేయి మా నీళ్ళు.
పొయ్యి ముందు కూచుంటే గానీ
వేళ్ళు ముడుచుకునేయి కాదు.
ఇప్పుడు కొరకవు.
కుక్కపిల్ల మాదిరి నాకతా ఉండాయి."

సాయంత్రం సీసాలు ఫ్రిజ్‌లో సర్దాను.
నాలుగు డిగ్రీల్లో ఉంచాలి.
ఫ్రిజ్ గురకపెట్టింది, ఆ కరెంటుతోనే.
పట్టిక తీసి మొదటి గడిలో
పెన్సిలుతో 'కొరికేవి' అని రాశాను.
సోమవారం సారు చూస్తారు, ప్రమాణం ఏదంటారు,
రబ్బరు అందుకుంటారు.
అందుకే కాస్త ఒత్తి రాశాను.

దాని కింద పడవ అద్దె రసీదు పిన్ను చేశాను.
పన్నెండు వందలు, డీజిల్ వేరే.
ఏకాంబరం వేలిముద్ర
ఉప్పునీళ్ళకి అలుక్కుపోయి
రేఖలు కనబడటం లేదు.