రాపిడి లేని చోట

ముప్పై ఆరేళ్ళు లేతు మీద బతికినవాణ్ణి.
చెవుల్లో ఇత్తడి అరుపు, గోళ్ళ కింద నూనె నలుపు.
నేనెరిగిన లోకంలో
ఏది దేన్ని దాటినా ఒరుసుకునే దాటుతుంది,
కాస్త పొడి రాలుస్తుంది.

ఈ రాగి చుట్టలు నా చేత్తో చుట్టినవే.
పారిస్‌లో ఒక నేలమాళిగ. ఫిబ్రవరి.
కింద మెట్రో పోయినప్పుడల్లా
బల్ల మీద అద్దాలు ఉలిక్కిపడతాయి.
అందుకే మయెల్ ఆఖరి రైలు పోయాక మొదలుపెడుతుంది.

లిథియంలో రెండు రకాలట.
ఏడు బరువుది మందలో ఇమిడే రకం,
చల్లబడితే అందరిదీ ఒక్కటే అడుగు.
ఆరు బరువుది పంతం మనిషి,
తను నిలుచున్న చోట ఇంకొకర్ని నిలవనివ్వదు,
జత దొరికితే గాని మెత్తబడదు.
రెంటినీ ఒకే గిన్నెలో పోసింది.
గిన్నె అంటే వెలుతురే, అంచుల్లేని వెలుతురు.
అట్టడుగు చలికి పైన, డిగ్రీలో కోటో వంతు.

గిన్నెను ఇంత పక్కకి లాగి వదిలింది.
"ఆన్సెల్మ్, రండి, చూడండి."

చూడటమంటే చంపడమే ఇక్కడ.
ఒక్కో ఫొటోకి ఒక్కో మబ్బు ఆవిరి,
నలభై సెకన్లకి దాని తోబుట్టువు.
ఆరువందల మబ్బులు పోయాక, తెల్లవారుజామున,
తెర మీద ఒక్క ఊగిసలాట.

ఒకదాన్లోంచి ఒకటి పోతున్నాయి.
తోపులాట లేదు, "జరగండి" అన్న మాట లేదు,
సంతలోంచి సంత నడిచిపోయినట్టు.
ఏడు ఊగడం తగ్గింది.
అరిగిపోయిందన్నాను, నాది లేతు బుద్ధి.
"ఆగండి" అంది మయెల్.
మళ్ళీ పెరిగింది.
అరగలేదట.
ఊపును అవతలి గుంపుకి అప్పిచ్చి
వడ్డీ లేకుండా తెచ్చుకుందట.
నాలుగు సెకన్ల పాటు ఇదే ఇచ్చిపుచ్చుకోవడం.

వేగం పెంచితే, అన్నాను.
"ఒక హద్దుంది. దాటితే ఒరుసుకుంటాయి,
వేడెక్కుతాయి. మనలాగే."
అన్నది మయెల్ కాదు.
మూల కుర్చీలోంచి జురాబ్.
రాసిన వ్యాసంలో ఎవరి పేరు ముందన్న దగ్గర
నవంబరులో తెగిన మాట అది.
అప్పట్నించీ ఈ ఇరుకు గదిలో
ఒకరినొకరు తగలకుండానే తిరిగారు ఇద్దరూ,
ఒక్క పూటా ఊపు చేతులు మారలేదు.

మయెల్ తల తిప్పలేదు.
"హద్దు ఎంతో లెక్క కట్టావా?" అంది, తెరతోనే.
"కట్టాను. తప్పు ఉండొచ్చు."
"చూపించు."

కుర్చీ కాలు సిమెంటు మీద కర్రుమంది.
అదే క్షణాన వెనకాల పంపు బేరింగు కీచుమంది.
ఈ రెంటిలో ఒక్కటే నాకు బాగు చేయడం వచ్చు.
నూనె డబ్బా తీసుకుని లేచాను.