పదిహేడో పేరు

పదహారు పేర్లు సాయంత్రానికే తేలిపోయాయి.
పదిహేడో గీత మీద
బజ్జీ నూనె మరక ఒక్కటే ఉంది.

పెరంబూరు. రైలు పెట్టెల ఫ్యాక్టరీ వెనక మైదానం.
మా నైనా ఆ గోడ అవతలే వెల్డింగ్ చేసేవాడు,
రాత్రి చొక్కా విప్పితే
బనీను ఆకారంలో ఇంకో రంగు మనిషి కనిపించేవాడు.
ఈ నేల మీదే నేను మొదటిసారి పడ్డాను.
లేచి, బంతిని మడమతో వెనక్కి తోశాను,
అక్కడ ఎవడో ఒకడు ఉంటాడని,
తిరిగి చూడకుండా.
ఆటంతా ఆ చూడకపోవడమే అని
నిన్నటిదాకా అనుకునేవాణ్ణి.

అరివళగన్‌కి ముప్పై నాలుగు.
హార్బర్లో క్రేను కింద పని.
నలిగి నలిగి చెవులు రెండూ
ఎండిన అల్లం కొమ్ముల్లా ఉంటాయి.
దేశం తరఫున పదకొండు ఆటలు.
కిందటి టూర్లో, ఆఖరి ఎనిమిది నిమిషాలు,
మన గీత మీద వరసగా మూడుసార్లు ఆరేసి ట్యాకిళ్లు.
వేలు విరిగిన చెయ్యి చంకలో దాచుకుని
మిగతా పన్నెండు మందినీ తిట్లతో నిలబెట్టాడు.
గెలిచాం.
ఆ రాత్రి భోజనాల గదిలో రెండు బల్లలు.
ఒకదాని చుట్టూ పదహారు మంది, మోచేతులు ఇరుక్కుని.
ఇంకోదాని దగ్గర అతను, పెరుగన్నం,
చెంచా చప్పుడు.

ప్రభంజన్‌కి ఇరవై. కావలి నుంచి వచ్చాడు.
మూడు ట్యాకిళ్లకి ఒకటి
తడి సబ్బులా చేతుల్లోంచి జారిపోతుంది.
కానీ మణిపూర్ కుర్రాడికి ఇంటి మీద బెంగ పుట్టిన రాత్రి
వాణ్ణి బీచి స్టేషన్ దాకా రైలెక్కించి,
ఊరికే, మళ్లీ అదే రైల్లో తీసుకొచ్చింది వీడే.
వీడు మైదానంలోకి వస్తే
కుర్రాళ్ల మెడలు వదులవుతాయి. నేను చూశాను.

టీకొట్టు దగ్గర ముగ్గురం.
"డెబ్బయ్యో నిమిషంలో మంచితనం ట్యాకిల్ చెయ్యదు"
అన్నాడు కాంతరాజ్.
"కిందటిసారి ఆ పిల్లలు నిద్రపోయారా అసలు?
ఒక్కొక్కణ్ణీ అడిగాను నేను" అంది మెర్లిన్.
ఇద్దరూ నా వైపు చూశారు.
నా టీ మీద మీగడ కట్టింది.

ఒకటి చెప్పాలి.
నన్ను తీసేసిన ఏడు, జట్టు బస్సు
మా వీధి చివర్నించే వెళ్లింది.
లోపల అందరూ పాడుతున్నారు.
నేనుండగా ఆ బస్సులో ఎవరూ పాడిన గుర్తు లేదు.
పాల ప్యాకెట్లు పట్టుకుని అలాగే నిలబడ్డాను,
చేతులు తిమ్మిరెక్కేదాకా.

అందుకేనేమో, ప్రభంజన్ అని రాశాను.
అందుకు కాదేమో కూడా.
జాబితా పంపేశాక అరివళగన్‌కి ఫోను చేశాను.
మెసేజ్ పెట్టి తప్పించుకోవచ్చు గానీ.

అవతల సైరన్. తరవాత చాలాసేపు ఏమీ లేదు.
"సరే అన్నా. లీవు లెటర్ రాసిపెట్టుకున్నా.
చించేస్తాలే."
పెట్టేస్తాడనుకున్నాను.
"ఆ పిల్లోడు ఎడం భుజంతో పట్టేటప్పుడు
తల ముందుకి పెడుతున్నాడు.
మెడ విరుగుద్ది.
మూడు రోజుల్నించి చూస్తన్నా.
చెబుదామంటే, నేను నోరు తెరిస్తే
తిట్టే అనుకుంటారు గదా."
అప్పుడు పెట్టేశాడు.

మూడు రోజులు.
మేం ముగ్గురం, మెళ్లో విజిళ్లు, ఒళ్లో ఫైళ్లు,
ఎవరం చూడలేదది.

పొద్దున ఆరింటికి
ప్రభంజన్ తల మీద అరచెయ్యి వేసి నొక్కాను.
"ఇలా. వాడి వెనకాల. తల ఎప్పుడూ వెనకాల."
పదిసార్లు. ఇరవైసార్లు.
సముద్రం గాలి మధ్యాహ్నానికి గాని రాదు,
ఇద్దరం చెమటలు కక్కుతున్నాం.
ఎవరు కనిపెట్టారని వాడు అడగలేదు.
నేనూ చెప్పలేదు.

రాత్రికి బల్లలు ఎన్ని వెయ్యాలో కనుక్కోడానికి
మెస్సు కుర్రాడొచ్చి
గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.