నెట్టుకి తగిలిన బంతి

రాయగడ స్టేషన్ రోడ్డులో నాది జెరాక్సు కొట్టు.
పగలంతా ఆధార్ కార్డులు, భూమి పట్టాలు,
ఒడియాలో రాసినవి, తెలుగులో తిట్టుకుంటూ తెచ్చినవి.
షట్టరు సగం దించాక
ఆ మిగిలిన సగం వెలుతుర్లో
నా సైటు కడతాను.

కట్టడమనే అంటాను, ఇల్లు కట్టినట్టే.
ఇసక లేదు, మేస్త్రీ లేడు.
ఒక్కో వరసా పేర్చి, పొద్దున్న లేచి వంకర చూసి
నేనే పడగొట్టుకుంటాను.

అందులో ఉన్నదల్లా
కాయితాల మిల్లు క్వార్టర్సు వాలీబాల్.
ఎనభై రెండు నుంచి తొంభై ఆరు దాకా,
వెదురు పొట్టు ఎగిరొచ్చి పడే ఆ మైదానంలో
ఏ షిఫ్టుని ఏ షిఫ్టు ఎంతకి ఓడించిందో.
ఎవడిక్కావాలి బావా అన్నాడు సోంబాబు.
ఎవడిక్కావాలో తెలిస్తే
దాంతోనే ఇంకో కొట్టు పెడదును.
చూసినవాళ్ళ లెక్క కింద మూలన తిరుగుతూంటుంది:
రెండొందల పదకొండు.
నూట తొంభై నావే,
అక్షరం సరిగ్గా కూర్చుందా లేదా అని.

నేను ఆటగాణ్ణి కాను. ఏడోవాణ్ణి.
బెంచీ మీద కూర్చున్నవాడికి చేతులు ఖాళీ,
పెన్సిలిచ్చారు.
అలా మిగిలాయి నా దగ్గర పదకొండు స్కోరు పుస్తకాలు.
రెండింటిని చెదలు నాకంటే ముందే చదివేశాయి.
గేదెల కూర్మారావు ఒడియాలో ఒకలా, తెలుగులో ఒకలా.
మండంగి లోకు మాత్రం ఎలా రాసినా లోకే,
గాల్లో కాసేపు ఆగి
గోడకి మేకు దిగ్గొట్టినట్టు కొట్టేవాడు.
మొదట్లో తెలుగు పేర్లన్నీ తెర మీద
ఖాళీ డబ్బాలై కనిపించేవి.
వారం పట్టింది
ఆ డబ్బాల్లోంచి కూర్మన్నని బయటికి లాగడానికి.

మొన్న ఎనభై ఏడు ఫైనలు దగ్గరికొచ్చాను.
బి షిఫ్టు పద్నాలుగు, మా సి షిఫ్టు పద్నాలుగు.
కూర్మన్న మడమ మెలిపడింది.
నన్ను దింపారు.
ఆ పుస్తకం మొత్తానికి నాదొకటే సర్వీసు.
బంతి నెట్టుకి తగిలి
మెట్లు దిగే ముసలమ్మలా
ఆగి ఆగి మా వైపే దిగింది.
సర్వీసు వాళ్ళకి పోయింది, వరసగా రెండు పాయింట్లు,
పదహారు పద్నాలుగు.
మళ్ళీ బెంచీ మీదికొచ్చి, పెన్సిలు తీసుకుని
నా పేరెదురుగా నేనే రాసుకున్నాను: నెట్టు.
ముల్లు విరిగింది.

ఇప్పుడు వేలు మీట మీద ఉంది.
ఈ వరస ఎక్కించకపోతే అడిగేవాడు లేడు.
చెదలు తిన్నాయంటే నమ్మనివాడు లేడు.
నాగావళి వంతెన మీద గూడ్సు పోతోంది,
అది పోయేంతసేపూ ఆలోచించాను.
పొడుగు బండి.
ఎక్కించాను.

తెల్లారి పింఛను కాయితం కాపీకి
లోకే వచ్చాడు. జుట్టంతా తెల్లగా, భుజం ఒకటి కిందికి.
కూర్చోబెట్టి చూపించాను.
కళ్ళజోడు నుదుటికెత్తి, తెరకి ముక్కు ఆనించి
నా నోటంట ఆ వరస విని
నెట్టేటిరా? అన్నాడు.
నెట్టు మీంచి పోనాది.
గీత దాటి సైకిళ్ళ కాడ పడ్డాది,
నానే ఎల్లి తెచ్చినాను.
కాదు లోకూ, నేను చూశాను కదా అన్నాను.
నువ్వేటి చూసినావు?
కళ్ళు మూసుకుని కొట్టినావు.

పది రూపాయలకి ఎనిమిదే ఇచ్చి
ఎండలోకి దిగిపోయాడు.

ఈ రాత్రి నెట్ నెమ్మదిగా ఉంది.
చిన్న చక్రం తిరుగుతూనే ఉంది.
ఆ వరస పక్కన ఇంకో గడి గీశాను.
నెట్టుకి తగిలింది: రాసినవాడు.
గీత దాటింది: లోకు, బంతి తెచ్చినవాడు.
ఏది నిజమో కింద రాయలేదు.
ముప్పై ఎనిమిదేళ్ళు నా కాళ్ళ దగ్గరే పడిందనుకున్నది
ఎవరి సైకిలు చక్రానికి కొట్టుకుందో
అదొక్కటి అడగడం మర్చిపోయాను.

రెండొందల పదమూడు.
ఒకటి లోకుది.