బొటనవేలి వెడల్పు

హెన్రికే ఊల్మన్ తెచ్చిన పెట్టెలో
చిమటలు తినగా మిగిలిన పచ్చ మఖమల్.
అందులో నాలుగు ముక్కలు:
ఊదే తల, రెండు నడుములు, పొట్టి పాదం.
తేనెరంగు చెక్క. ఒకే ఒక్క ఇత్తడి మీట.
"మా తాతకి తాతది. శ్రుతి కుదరడం లేదు" అంది.

నేను ముందు వాసన చూస్తాను, ఎప్పుడూ.
బాదం నూనె, కొవ్వొత్తి మసి,
అడుగున ఎవరిదో ఎండిపోయిన ఊపిరి.
తర్వాతే కొలబద్ద.

తల ముక్క కింది అంచు తరిణె పట్టింది కాదు.
రంపం గీతలు.
ఎవరో దీని గొంతు కోశారు.

మా ఫోగ్ట్‌లాండ్ కొండల్లో
ఇలాంటివి ఏడాదికి రెండైనా వస్తాయి.
ఇది పుట్టిన రోజుల్లో గది చిన్నది,
వినేవాళ్ళు పన్నెండుమంది, అందులో ఇద్దరికి కునుకు.
కొన్ని స్వరాలు నిటారుగా వచ్చేవి,
కొన్ని వేళ్ళు మెలివేస్తే తప్ప రానివి,
ముసుగేసుకుని, గోడవారగా.
దాన్నెవరూ లోపం అనలేదు.
వెలుగుకి పక్కన నీడ ఉండాలనే అనుకునేవారు.

తర్వాత గోడలు వెనక్కి జరిగాయి.
వాకిట్లో టిక్కెట్లు అమ్మారు.
వయొలిన్లు నాలుగు నలభై అయ్యాయి,
వాటి తీగెలు బిగిశాయి,
ప్రతి ఊరూ పక్క ఊరికన్నా గోరంత పైన
శ్రుతి పెట్టుకుంది, మెరుపు కోసం.
వేణువుకి ఒక మీట నాలుగైంది,
నాలుగు ఎనిమిదయ్యాయి,
చివరికి చెక్కే పోయి వెండి వచ్చింది.
అన్ని స్వరాలకీ ఒకటే వెలుతురు,
రైలు స్టేషన్లో దీపాల్లా.

ట్రౌగాట్ ఊల్మన్ వెండిది కొనలేకపోయాడట.
కాదు, కొననన్నాడట.
ఇంట్లో రెండు కథలూ ఉన్నాయి.
ఆర్కెస్ట్రాలో తనొక్కడే కిందుగా పలుకుతుంటే
నడిపించే ఆయన కర్ర ఆపి, ఏమీ అనకుండా
కళ్ళద్దాలు తుడుచుకున్నాడట.
ఆ శనివారం రాత్రి
రొట్టె కోసే బల్ల మీదే
బొటనవేలి వెడల్పు కోసేశాడు.
జీతం ఆగలేదు.

కానీ రంధ్రాలు ఉన్నచోటే ఉన్నాయి కదా!
చొక్కా కురచచేసి
గుండీలు పాతచోటే వదిలేస్తే ఎలా ఉంటుంది?
అలా వాయించాడు, ఇరవై రెండేళ్ళు,
పెదవి తిప్పి తిప్పి ప్రతి స్వరాన్నీ బతిమాలుకుంటూ.

"ఇదీ పెట్టెలోనే ఉంది,
చేతిగుడ్డ చుట్టిపెట్టే రింగ్ అనుకున్నాం"
అంటూ హెన్రికే కోటు జేబులోంచి తీసింది,
ఒక చెక్క వలయం.

అంచుకి అంచు ఆనించాను.
చెక్కలోని చారలు
దారి అడగకుండానే ఒకదాన్నొకటి కలుసుకున్నాయి.

వలయం చుట్టూ చిన్న చిన్న గుంటలు.
ఎలుకవి అనుకున్నాను.
పెట్టె మూత లోపల పెన్సిల్ రాత చూపించింది:
అల్వీనే. మొదటి పన్ను. మార్చి.

మళ్ళీ ఇప్పుడు పాత శ్రుతికి గిరాకీ.
పాతికేళ్ళ పిల్లలు వచ్చి
కోసేసిన ముక్క కావాలంటారు,
దాన్ని కొత్త అంటారు.
సరే, జిగురుంది, సన్నటి తొడుగుంది,
అతికించగలను.
"గుంటలు పూడుస్తారా?" అని అడిగింది.
లోపలి అంచువి పూడ్చాలి, లేదంటే గాలి తడబడుతుంది.
బయటివి మీ ఇష్టం, అన్నాను.
ఆమె కిటికీలోంచి మంచు వంక చూసింది.
మూడు వారాలు వలయం నా బల్ల మీదే ఉంది,
ఉప్పు డబ్బా పక్కన.

అతికించాను.
లోపలివి రెండు పూడ్చాను, మూడోది మరిచిపోయాను,
లేదా మరిచిపోయినట్టు ఉండిపోయాను.
ఊదితే అన్నీ వాటి వాటి చోట కూర్చున్నాయి.
ఆ ముసుగు స్వరం ఒక్కటే
మొదట్లో కాస్త కొరికినట్టు వచ్చి, తర్వాత తేరుకుంటుంది.

అది కాలమో, పన్నో, నా చేతి తప్పో
హెన్రికే అడగలేదు.
బిల్లులో దానికి డబ్బు వేయలేదు నేను.