ప్రత్యయం

అయకూచోలో, మెట్లు అరిగిపోయిన సర్కారు కచేరీ.
మూడో అంతస్తు. బల్ల మీద అట్టపెట్టె.
బల్లకి అటు గుమాస్తా అన్సెల్మో,
ఇటు టోపీ ఒళ్ళో పెట్టుకుని తియొదోసియా కొరావా.
మధ్య కుర్చీలో నీల్డా, దుబాసీ.
ఈ నోటి మాటని ఆ కాగితం దాకా చేర్చడం ఆమె ఉద్యోగం.

ఫారంలో వరస సులువే:
కర్త, కర్మ, క్రియ.
కర్త గడి ఎప్పుడో ఖాళీగా వదిలేశారు.
"తీసుకుపోబడెను" అని ఉంది స్పానిష్‌లో.
కర్మణి ప్రయోగం. ఆ "బడు" ఉందే,
దాని వెనక ఒక లారీడు మనుషులు దాక్కోవచ్చు.

తియొదోసియాది కెచువా.
అందులో నోరు తెరిస్తే చాలు,
నీకెలా తెలుసు? అంటుంది వ్యాకరణం,
పోలీసుకన్నా ముందు.
కళ్ళారా చూస్తే "మి".
ఎవరో చెబితే "సి".
ఊహైతే "చా".
మాట పక్కన ఏదో ఒకటి పెట్టి తీరాలి.

మనకీ ఉంది కదా ఒక "అట".
వచ్చాడట, పెళ్ళట, పోయాడట.
వేళాకోళంగానో, భయంభయంగానో
చివర తగిలించి చేతులు కడిగేసుకుంటాం.
అక్కడ అది సంతకం.

నిఘంటువులో ప్రత్యయం అన్న మాట కింద
ఒక అర్థం: ప్రకృతికి చివర చేరేది.
ఇంకొకటి: నమ్మకం.
డు ము వు లు అంటూ బళ్ళో
మొదటిదే చెప్పారు, బెత్తం పట్టుకుని.
రెండోది నాకు చాలా ఆలస్యంగా కనబడింది.

పెట్టె మూత తీశారు.
ఎముకలకి చీటీలు, చీటీల మీద అంకెలు.
ఆకుపచ్చ స్వెట్టరు. ఎడమ మోచేతి దగ్గర
పసుపు ఊలుతో ఒక మాటు.
"ఈ మాటు నేనే వేశాను," అంది. మి.
"ఊలు చాలక అత్తనడిగి తెచ్చాను." మి.
"ముందు పన్ను చూడు, గాడిద తన్నితే విరిగింది,
నేను పక్కనే ఉన్నాను, నవ్వాను కూడా." మి.

నీల్డా ఒక్కో "మి"నీ స్పానిష్ గడప దాకా మోసుకొచ్చి
ఎక్కడ దించాలో తెలియక
అక్కడే వదిలేసింది.

"మేము" కూడా అంతే.
మేము వెతికాం, మేము తవ్వాం, మేము అడిగాం
అని పొద్దుటినుంచీ చెబుతోంది తియొదోసియా.
స్పానిష్‌లో మేము, మనము ఒకటే మాట.
గుమాస్తా కూడా దర్జాగా అందులో వచ్చి కూర్చున్నాడు.

"అయితే, తమ్ముడు మెలితోన్ మరణించినట్టేగా?"
ఆమె స్వెట్టరు చెయ్యి మడతపెట్టింది.
విప్పింది. మళ్ళీ మడతపెట్టింది.
"చనిపోయాడట," అంది.
సి.

అన్సెల్మో కలం ఆగింది. చెడ్డవాడు కాదు,
భోజనాల వేళలోపు ఇంకో మూడు పెట్టెలున్నాయి.
"ఎముకలు చూసి కూడా ఇంకా 'అట' ఏమిటి?"
నీల్డా అడిగింది. జవాబు తెచ్చింది:

"ఎముకలు చూశాను. చావడం చూడలేదు.
చూసినవాడు ఉన్నాడు ఎక్కడో.
వాడొచ్చి పెట్టాలి 'మి'.
వాడి మాట నేనెలా పలుకుతాను?"

ఖాళీ గడి వైపు ముగ్గురూ చూశారు.

"చనిపోయాడని అంటారు, అని రాయండి," అంది నీల్డా.
"అనుమానంలా ఉంటుంది, ఫైలు వెనక్కొస్తుంది," అన్నాడు.
నిజమే.
అంత గట్టి మాట
కాగితమ్మీదకి వచ్చేసరికి అనుమానమైపోయింది.
మరణించెను, అని రాసుకున్నాడు.
చుక్క పెట్టాడు.
ఆమె వేలిముద్ర వేసింది, ఊదా సిరా
పావడాకి తుడుచుకుంది.

కింద మెట్ల మీద గుడ్డమూట విప్పింది.
వేయించిన మొక్కజొన్నలు.
"తిందాం," అంది.
ఏ "మేము"లోనూ లేని నీల్డా
ఆ క్రియలో తనకీ చోటుందని విన్నది.

ఆమెకి రెండు రోజులుగా పంటి నొప్పి.
అయినా చెయ్యి చాచింది.