నీలం చుక్క

కురుపాం మార్కెట్టు సందులో, మెట్ల కింద
నా కొట్టు. ఇద్దరు నిలబడితే మూడోవాడు రోడ్డు మీదే.
సిగ్నల్ బాగుచేసే నా బల్ల దగ్గర
సిగ్నల్ ఉండదు.
ఈ మాట బయట అనకండి, బేరాలు పోతాయి.

పరదేశమ్మ గంప దించి కొంగుముడి విప్పింది.
ముడిలో నాలుగు పది రూపాయల నోట్లు, ఒక ఫోను,
దాని అద్దం మీద ఎండి అతుక్కున్న చేప పొలుసు.
"ఇది పాడైపోనాది నాయినా.
మా పెనిమిటి ఎక్కడున్నాడో మూడ్రోజులై సెప్పట్నేదు."

మా విద్యకి ఒక వరస ఉంది.
ముందు ఆపేసి, మళ్లీ వెలిగించాలి.
సగం రోగాలు అక్కడే దిగిపోతాయి,
పడుకుని లేచిన మనిషికి కోపం దిగినట్టు.
తర్వాత విమానం బొమ్మ నొక్కి
పది లెక్కపెట్టి వదలాలి.
సిమ్ము తీసి చొక్కా అంచుతో తుడవాలి.
ఊదకూడదు, తడి తగులుతుందని అందరికీ చెప్పే నేనే
ఊదాను.
తొడుగులో అయస్కాంతం ఉంటే ఫోను దిక్కులు మర్చిపోతుంది.
ఉంది. ఊడదీశాను.
మూత విప్పితే యాంటెన్నా రేకు మీద పచ్చటి ఉప్పు.
హార్బరు గాలి,
ఈ ఊళ్లో ఇనుమైనా ఇత్తడైనా దాని ఉప్పు తినాల్సిందే.
పాత పళ్ల బ్రష్షు, రెండు చుక్కల స్పిరిట్.

"రా అమ్మా, ఇప్పుడు ఆకాశం కావాలి" అని
కొట్టు పక్క టైలరుకి అప్పజెప్పి
కోస్టల్ బ్యాటరీ దాకా నడిచాం.

గాల్లో ఎనిమిది అంకె రాయమన్నాను,
కంపాస్ కుదురుకోడానికి.
ఆవిడ హారతి తిప్పినట్టు సున్నా చుట్టింది.
సున్నా కాదమ్మా, ఎనిమిది.
"నాను సదూకోనేదు నాయినా."
నా చేతి వెంట తన చెయ్యి తిప్పింది.
ఉడకబెట్టిన పల్లీలమ్మే కుర్రాడు
సముద్రానికి ఏం మంత్రం వేస్తున్నామో అని చూస్తున్నాడు.

తెర మీద మొదట పెద్ద నీలి వలయం,
బీచి రోడ్డు నుంచి యారాడ కొండ దాకా.
అది ముడుచుకుని, ముడుచుకుని
మా కాళ్ల దగ్గర చుక్కయి ఆగింది.
నాకు ఆ వలయమంటే గౌరవం.
తెలియనప్పుడు తెలియదంటుంది,
ఎంత తెలియదో కూడా గీసి చూపిస్తుంది.
నా ఎరికలో అంత నిజం పలికినవాళ్లు తక్కువ,
నాతో కలిపి.

నాలుగు గీతలు. చుక్క నిలకడ.
ఫోనుకి రోగం లేదు.
ఈ మాట చెప్పడమే మా పనిలో కష్టం.

దానయ్య చుక్క బూడిదరంగులో ఉంది,
డాల్ఫిన్ నోస్ దాటి, నీళ్ల మీద.
పక్కన చిన్న అక్షరాలు: మూడు రోజుల కిందట.
టవర్ల కేక అక్కడికే ఆఖరు.
ఉపగ్రహాలు చూడవమ్మా, పలుకుతాయంతే.
ఆ పలుకులు విని అతని ఫోను
తనెక్కడుందో లెక్క కట్టుకుంటుంది.
ఒడ్డుకి చెప్పే దారే లేదు.

"అయితే ఆడెక్కడున్నాడో ఆడికి తెల్సు."
తెలుసమ్మా.
"మనకే తెల్దు."
మనకే.

"ఏటకెల్తే పన్నెండ్రోజులు. నాకు కొత్తా?
ముప్పయ్యేళ్లుగా నిద్రోనాను.
ఈ సుక్క సూపించి మాయమైపోనాక కదా
కన్ను మూతడ్డం మానేసినాది."

చూపుడువేలితో ఆ బూడిద చుక్కని
ఒడ్డు వైపు లాగింది.
పటమంతా జరిగింది,
కొండ, హార్బరు, మేం నిలబడ్డ చోటు,
అన్నీ దానితోపాటే.

కొట్టుకొచ్చాక నాలుగు నోట్లూ బల్ల మీద పెట్టింది.
ఒకటి తీసుకున్నాను, స్పిరిట్‌కి.
గంప నెత్తికెత్తుకుని నాలుగడుగులు వేసి
వెనక్కొచ్చి మళ్లీ ఫోను చాపింది.
"గంట కూసింత పెద్దది సెయ్యి నాయినా.
సేపల బజార్లో కేకలు.
ఇనపడదు."